ఊళ్లోకి కొత్త మనిషి వచ్చినప్పుడు: మూకీ వెస్టర్న్‌ల గురించి

వెస్టర్న్ సినిమా, అంటే అమెరికా పశ్చిమ ప్రాంతపు కౌబాయ్ కథల సినిమా అనగానే చాలామందికి ఒకటే కథ గుర్తొస్తుంది. ఎక్కడివాడో తెలియని మనిషి ఒకడు గుర్రం మీద ఊళ్లోకి వస్తాడు, ఊరిని పట్టి పీడిస్తున్నవాళ్లను మట్టుబెడతాడు, ఊరివాళ్లు కృతజ్ఞత చెప్పుకునేలోపే వచ్చిన దారిన వెళ్లిపోతాడు. తర్వాతి దశాబ్దాల్లో ఈ కథ ఎంతగా స్థిరపడిందంటే, ఈ రకం సినిమా పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉండేదని అనుకోవడం సహజం. అయితే 1914కూ 1918కీ మధ్య అమెరికాలో తయారైన మూకీ వెస్టర్న్‌లను వరసగా చూసినప్పుడు లెక్క తారుమారవుతుంది. ఊరిని ఉద్ధరించడానికి వచ్చినవాడు తానే భ్రష్టుడైపోతాడు. ఊరిమీద పడి దోచుకోవాల్సినవాడు, లేదా జనాన్ని తరిమెయ్యడానికి డబ్బు తీసుకున్నవాడు, అనుకోకుండా మనిషవుతాడు. ఆ సినిమాలకు అసలు ప్రశ్న ఊరు బాగుపడుతుందా లేదా అన్నది కాదనీ, వచ్చినవాడి లోపల ఏముందో ఆ ఊరు బయటపెట్టడమే వాటి పని అనీ నాకు అనిపిస్తుంది.

ఈ మాటకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం 1916 మార్చిలో విడుదలైన ‘హెల్స్ హింజెస్’. విలియం ఎస్. హార్ట్ కథానాయకుడు, థామస్ ఇన్స్ నిర్మాత, సి. గార్డనర్ సల్లివన్ రచయిత. దర్శకుడిగా చార్లెస్ స్విక్కర్డ్ పేరు పడింది గానీ, హార్ట్ చెయ్యి అడుగడుగునా కనిపిస్తుంది. నిడివి గంటకు కొద్దిగా ఎక్కువ. ఆ గంటలో జరిగే వినాశనం మాత్రం చిన్నది కాదు.

కథ మొదలయ్యేది పశ్చిమాన కాదు, తూర్పున ఒక నగరంలోని చర్చిలో. రాబర్ట్ హెన్లీ అనే యువ పాస్టర్‌కు దైవసేవ మీద నిజమైన ఆసక్తి లేదు. తల్లి కోరిక మీద ఆ వృత్తిలోకి వచ్చినవాడు. మాటకారి, అందగాడు, తన ప్రసంగానికి ఆడవాళ్లు మురిసిపోతుంటే తానూ మురిసిపోయే మనిషి. నగరంలోని ప్రలోభాలకు ఇతడు నిలబడలేడని గ్రహించిన పెద్దలు, పశ్చిమాన తెల్లవాళ్ల ఊళ్లు అప్పుడప్పుడే వెలుస్తున్న సరిహద్దు ప్రాంతంలోని చిన్న ఊరైతే కుదురుగా ఉంటాడని లెక్క వేసి, చెల్లెలు ఫెయిత్‌ను తోడిచ్చి పంపిస్తారు. ఆ ఊరి పేరు కాగితాల మీద ప్లేసర్ సెంటర్. జనం నోట్లో అది హెల్స్ హింజెస్, నరకం తలుపుకు బందులు. పెద్దల లెక్క ఎంత తప్పో ప్రేక్షకుడికి ఆ పేరు వినగానే అర్థమైపోతుంది, పాస్టర్‌కు అర్థమయ్యేసరికి ప్రాణాల మీదికి వస్తుంది.

గుర్రపు బండి ఊళ్లో ఆగే దృశ్యాన్ని చూడండి. ఊరికి యజమానిలా చలామణీ అయ్యే సెలూన్ అనే మద్యశాల యజమాని సిల్క్ మిల్లర్‌కు చర్చి వస్తే తన వ్యాపారానికి దెబ్బ అని తెలుసు. అందుకే ఊరంతటికీ భయమైన తుపాకీవాడు బ్లేజ్ ట్రేసీని, అంటే హార్ట్‌ను, ఈ పాస్టర్‌ను తరిమేసే పనికి పెడతాడు. జనం వేళాకోళం చేయడానికి బండి చుట్టూ మూగుతారు. బ్లేజ్ కూడా అదే ఉద్దేశంతో వస్తాడు, పాస్టర్‌ను చూసి పెదవి విరుస్తాడు. తర్వాత అతడి చూపు ఫెయిత్ మీద పడుతుంది. అక్కడ సినిమా ఆగినంత పని చేస్తుంది. హార్ట్ ముఖం దాదాపుగా కదలదు. కళ్లు కొద్దిగా మారతాయి, వెటకారం జారిపోతుంది, చేయబోయిన పని చేయకుండా నిలబడిపోతాడు. కరడుగట్టిన హంతకుడు ఒక్క చూపుతో మారడం కాగితం మీద చదివితే నవ్వొచ్చే విషయమే. తెర మీద నవ్వు రాదు. మాటలున్న సినిమాలో ఈ మార్పుకు కారణం చెప్పాల్సి వచ్చేది, చెప్పిన కొద్దీ అది తేలిపోయేది. ఇక్కడ చెప్పేవాడు లేడు గనక చూస్తున్న మనమే ఆ ముఖంలో కారణం వెతుక్కుంటాం.

ఇక్కడొక విషయం గమనించాలి. ఈ సినిమాలో ఊరికి కొత్తవాడు కథానాయకుడు కాదు, పాస్టర్. కథానాయకుడు ఊరి చెడుగులో భాగం. అంటే తర్వాతి కాలపు అచ్చులో ఒకే మనిషిలో కలిసిపోయిన రెండు పాత్రలు, బయటి నుంచి వచ్చిన ఉద్ధారకుడూ తుపాకీ పట్టగలిగినవాడూ, ఇక్కడ ఇంకా విడివిడిగానే ఉన్నాయి. ఉద్ధారకుడి చేతిలో బలం లేదు, బలమున్నవాడి దగ్గర నమ్మకం లేదు. నమ్మకం ఉన్నది ఫెయిత్ ఒక్కతెకే.

మొదటి ఆరాధన ఒక కొట్టంలో జరుగుతుంది. సెలూన్ గుంపు నాట్యగత్తెలను వెంటేసుకుని అక్కడికి దూసుకొచ్చి అల్లరి మొదలుపెడితే బ్లేజ్ రెండు తుపాకులూ తీసి వాళ్లను నిలువరిస్తాడు. అతడు దేవుణ్ణి నమ్మినందుకు కాదు, ఆమె పాడుతూ నిలబడిన తీరును చూసినందుకు. తర్వాత అతడు బైబిల్ చదువుతూ కనిపించే దృశ్యంలో నోట్లో సిగరెట్, పక్కన విస్కీ సీసా ఉంటాయి. హార్ట్ సినిమాల్లోని భక్తి కొన్నిచోట్ల మోతాదు మించుతుందన్నది నిజమే గానీ, ఈ ఒక్క దృశ్యంలో ఉన్న నిజాయితీ ఆ బరువునంతా మోస్తుంది. మనిషి మారడం మొదలుపెట్టాడు, అలవాట్లకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఇక పాస్టర్ పతనం. అతణ్ణి బలంతో తరమలేమని తెలిశాక సిల్క్ మిల్లర్ డాలీ అనే సెలూన్ స్త్రీని అతడి మీదికి వదులుతాడు. లూయీజ్ గ్లామ్ ఆ పాత్ర వేసింది. ఆ కాలంలో ఇలాంటి మోహినీ పాత్రలకు ఆమె పెట్టింది పేరు. కొత్త చర్చి పూర్తయ్యే సమయానికి పాస్టర్ తప్పతాగి డాలీ గదిలో పడి ఉంటాడు. అతడి కోసం వైద్యుణ్ణి తీసుకురావడానికి బ్లేజ్ పక్క ఊరికి వెళ్తాడు. ఆ లోపున గుంపు చర్చిని తగలబెట్టడానికి బయలుదేరుతుంది, కాగడా పట్టుకుని ఆ గుంపులో ఉన్నది స్వయంగా పాస్టరే. చర్చిని కాపాడుకుంటున్నవాళ్ల తూటాకు అతడు అక్కడే చనిపోతాడు. తిరిగొచ్చిన బ్లేజ్‌కు కాలిన చర్చి, అన్న శవం మీద పడి ఏడుస్తున్న ఫెయిత్ కనిపిస్తారు.

ఇక్కడ నుంచి చివరి పది నిమిషాలు మూకీ సినిమా మొత్తంలోనే నాకు తెలిసిన అత్యంత భయంకరమైన శుద్ధికార్యం. బ్లేజ్ ఒక్కడే సెలూన్‌లోకి వెళ్తాడు, సిల్క్‌ను చంపుతాడు, రెండు తుపాకులతో గుంపును ఒక మూలకు నెట్టి, పైన వేలాడుతున్న నూనె దీపాలను కాల్చి కింద పడేస్తాడు. సెలూన్ అంటుకుంటుంది, పక్క ఇల్లు అంటుకుంటుంది, చివరికి ఊరు ఊరంతా అంటుకుంటుంది. జోసెఫ్ ఆగస్ట్ కెమెరా దూరంగా వెనక్కి వెళ్లి, పొగలో చీమల్లా పరిగెత్తుతున్న మనుషులను చూపిస్తుంది. ఆనాటి ప్రతుల్లో ఈ భాగానికి ఎర్రరంగు పూత వేసేవారు, అది ఉన్న ప్రతిని చూస్తేనే ఈ భాగం అసలు ఏమిటో తెలుస్తుంది. ఊరిని బాగుచేయడం కాదు, ఊరే లేకుండా చేయడం. బ్లేజ్, ఫెయిత్ కొండల వైపు వెళ్లిపోతారు. బాగుపడిన ఊరు, చేతులూపే పిల్లలు, కొత్త షెరీఫ్, ఇవేవీ లేవు. ఈ సినిమాను 1994లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు.

ఊరి కష్టానికి కారణం సెలూన్ కావడం యాదృచ్ఛికం కాదు. 1916 నాటికి మద్యనిషేధ ఉద్యమం అమెరికాలో ఉచ్ఛస్థితిలో ఉంది. 1919 జనవరిలో మద్యాన్ని నిషేధించే పద్దెనిమిదో రాజ్యాంగ సవరణ ఆమోదం పొందింది, మరుసటి ఏడాది అమలులోకి వచ్చింది. నగరాలను శుభ్రపరచాలి, రాజకీయాలను శుభ్రపరచాలి అనే సంస్కరణ భాష పత్రికల్లో మారుమోగుతున్న కాలం అది. సల్లివన్ కూడా పత్రికారంగం నుంచి సినిమాకు వచ్చినవాడే. సరిహద్దు పట్టణం పేరుతో వీళ్లు తీసినది తమ కాలపు నగరాల కథే. మరోవైపు, సరిహద్దు అనేది ఇక మిగల్లేదని 1890 జనగణన తేల్చి అప్పటికి పాతికేళ్లు దాటి ఒక్క ఏడాదే అయింది. ఆ రోజులను కళ్లారా చూసినవాళ్లు థియేటర్లో కూర్చుని ఉండేవారు. ఇన్స్ తన సినిమాల కోసం మిల్లర్ సోదరుల 101 రాంచ్ ప్రదర్శన బృందంలోని గుర్రపు రౌతులను, అమెరికా ఆదివాసులైన సూ తెగవారిని పనిలో పెట్టుకున్నాడు. వెనక గుంపులో గుర్రమెక్కే తీరులో కనిపించే సహజత్వానికి కారణం అదే.

హార్ట్ విషయానికొస్తే, అతడు కౌబాయ్ కాదు, రంగస్థల నటుడు. 1864లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూబర్గ్‌లో పుట్టాడు. 1899లో ‘బెన్‌హర్’ నాటకంలో మెస్సాలా పాత్రతో పేరు తెచ్చుకున్నాడు. 1914లో సినిమాల్లోకి వచ్చేసరికి యాభైకి దగ్గరపడ్డాడు. ఆనాటి వెస్టర్న్‌లలోని దుస్తులూ పద్ధతులూ అబద్ధాలని అతడికి కోపం, తన సినిమాల్లో దుమ్ము దుమ్ములాగే ఉండాలని పట్టుబట్టేవాడు. సరిహద్దు రోజుల్లో పేరుమోసిన చట్టరక్షకుడు వ్యాట్ అర్ప్‌తో స్నేహం ఉండేది. 1929లో అర్ప్ చనిపోయినప్పుడు శవపేటిక మోసినవాళ్లలో హార్ట్, మరో వెస్టర్న్ నటుడు టామ్ మిక్స్ ఇద్దరూ ఉన్నారు. అయినా హార్ట్ పాత్రల పశ్చాత్తాపం మాత్రం నూటికి నూరుపాళ్లు రంగస్థల మెలోడ్రామా నుంచి వచ్చిందే. వాస్తవమైన దుస్తుల్లో నాటకీయమైన ఆత్మ. ఈ పొంతన లేనితనం కొందరికి లోపంగా కనిపిస్తుంది. నాకు అదే అతడి బలం.

అదే ఏడాది వచ్చిన ‘ది రిటర్న్ ఆఫ్ డ్రా ఈగన్’ ఈ విషయాన్ని మరింత తేలికైన చేత్తో పట్టుకుంటుంది. బందిపోటు డ్రా ఈగన్ చట్టం నుంచి తప్పించుకుని తిరుగుతూ, ఒక సెలూన్‌లో పోకిరీవాణ్ణి నోరెత్తకుండా చేస్తాడు. ఎల్లో డాగ్ అనే ఊరికి గట్టి మనిషి కోసం వెతుకుతున్న సంస్కరణవాది ఒకడు అది చూసి, అతడి పూర్వాపరాలేవీ తెలియకుండానే, ఊళ్లో చట్టాన్ని కాపాడే మార్షల్ ఉద్యోగం ఇస్తాడు. ఈగన్ విలియం బ్లేక్ అనే పేరు పెట్టుకుని పనిలో చేరతాడు. మొదట ఇదంతా అతడికి వేడుక. దొంగ చేతికి తాళాలివ్వడం కంటే నవ్వులాట ఏముంటుంది. తర్వాత ఆ పెద్దమనిషి కూతురు మిర్టిల్‌ను చూశాక ఉద్యోగాన్ని నిజంగానే చేయడం మొదలుపెడతాడు. ఊరు అదుపులోకి వస్తుంది. అప్పుడు పాత ముఠాలోని అరిజోనా జో ఊళ్లో దిగుతాడు.

ఈ రెండో రాక ఎంత తెలివైన ఎత్తో చూడండి. మొదటి కొత్తవాడు ఊరికి తన ముఖం దాచి వచ్చాడు, రెండో కొత్తవాడు ఆ ముఖం తెలిసి వచ్చాడు. జో బెదిరిస్తాడు, ఈగన్ నోరు మూసుకుంటాడు, తమ మార్షల్ ఎందుకు చేష్టలుడిగి ఉన్నాడో తెలియక ఊరు అయోమయపడుతుంది. నిన్నటిదాకా నిటారుగా నడిచినవాడు అదే వీధిలో తల దించుకుని నడవడాన్ని హార్ట్ భుజాల వంపుతోనే చూపిస్తాడు. చివరికి ఊరివాళ్ల ఎదుట తానెవరో చెప్పేసి, జోతో తేల్చుకున్నాక తనను పట్టి అప్పగించుకోవచ్చని అంటాడు. తేల్చుకుంటాడు. ఊరు అతణ్ణి వదులుకోదు. ‘హెల్స్ హింజెస్’ తర్వాత ఈ ముగింపు కాస్త మెత్తగా అనిపిస్తుంది, కానీ తెలిసీ దొంగను కొలువులో ఉంచుకోవడానికి సిద్ధపడే ఊరు వెస్టర్న్‌లలో తరచుగా దొరకదు.

హార్ట్‌కు పూర్తిగా భిన్నమైన నటుడు హ్యారీ కెరీ. 1917 ఆగస్టులో విడుదలైన ‘స్ట్రెయిట్ షూటింగ్’ జాన్ ఫోర్డ్ తీసిన మొదటి పూర్తి నిడివి చిత్రం. అప్పటికి ఫోర్డ్‌కు ఇరవై మూడేళ్లు, పేరు ఇంకా జాక్ ఫోర్డ్. యూనివర్సల్ కంపెనీ చిన్న సినిమా తీయమంటే ఐదు రీళ్లు తీసుకొచ్చాడు. ఇందులో షయాన్ హ్యారీగా కెరీ ప్రవేశమే ఒక చమత్కారం. అతణ్ణి పట్టిస్తే బహుమానం ఇస్తామనే ప్రకటన చెట్టుకు కొట్టి ఉంటుంది, ఆ చెట్టు తొర్రలోంచే అతడు బయటికొస్తాడు. పశువుల పెంపకందారు థండర్ ఫ్లింట్ తన దారికి అడ్డమైన రైతులను ఖాళీ చేయించడానికి అతణ్ణి పిలిపిస్తాడు. నీళ్ల దగ్గర ఒక రైతు కొడుకును వేరెవరో కాల్చి చంపుతారు. సమాధి దగ్గర తండ్రి, చెల్లెలు నిలబడి ఉండగా హ్యారీ అక్కడికి వస్తాడు. తాను ఏ పనికి ఒప్పుకున్నాడో అతడికి అప్పుడు కళ్లకు కడుతుంది.

బ్లేజ్ ట్రేసీ ఒక స్త్రీ ముఖం చూసి మారాడు. హ్యారీ ఒక కుటుంబ దుఃఖం చూసి మారతాడు. నాకు రెండోదే ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంటుంది. పైగా ఆ దుఃఖాన్ని ఫోర్డ్ చూపించిన తీరు ఇరవై మూడేళ్ల కుర్రవాడి పనిలా ఉండదు. అన్న చనిపోయాక చెల్లెలు జోన్ బల్ల సర్దుతూ అతడి పళ్లెం దగ్గర చెయ్యి ఆపుతుంది, దాన్ని పట్టుకుని ఉండిపోతుంది. మూకీల్లో మాటలు రాసి చూపించే అక్షర ఫలకం ఒక్కటి కూడా ఆ కన్నీటికి సాయం రాదు. కెరీ నటన కూడా ఇదే పద్ధతి. ఒక చేత్తో రెండో చేతి మోచేయి దగ్గర పట్టుకుని, ఏమి చేయాలో తేల్చుకోలేని మనిషిలా నిలబడతాడు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 1956లో, ‘ది సెర్చర్స్’ చివరి దృశ్యంలో జాన్ వేన్ కెరీకి నివాళిగా అదే భంగిమలో నిలబడ్డాడు. వీధిలో ఇద్దరు తుపాకీవాళ్లు ఎదురెదురుగా నడిచే ఘట్టంలో ఫోర్డ్ కళ్లను మాత్రమే దగ్గరగా చూపిస్తాడు. 1960లలో వెస్టర్న్‌లు తీసిన ఇటలీ దర్శకుల సొత్తని మనం అనుకునే ఈ పద్ధతి 1917లోనే ఉంది.

మరుసటి ఏడాది వచ్చిన ‘హెల్ బెంట్’ ఇదే జంట సృష్టి. ఒక రచయితకు పాఠకుడి నుంచి ఉత్తరం వస్తుంది: మీ కథానాయకులు మరీ మంచివాళ్లు, కాస్త మామూలు మనిషిని చూపించండి అని. రచయిత ఫ్రెడరిక్ రెమింగ్టన్ గీసిన పేకాట గొడవ చిత్రం ముందు నిలబడతాడు, ఆ చిత్రం కదలడం మొదలవుతుంది. ఆ పేకాట గొడవ నుంచి పారిపోయి రాహైడ్ ఊళ్లోకి వచ్చినవాడే మన షయాన్ హ్యారీ. గది కోసం గుర్రంతో సహా మేడమెట్లెక్కి, అప్పటికే అందులో ఉన్నవాడితో తగువు పెట్టుకుని, చివరికి వాడితోనే తాగి స్నేహం చేస్తాడు. హార్ట్ ఊళ్లోకి వస్తే విధి వచ్చినట్టు ఉంటుంది, కెరీ వస్తే పని లేని మనిషి వచ్చినట్టు ఉంటుంది.

ఈ సినిమాలను మెచ్చుకుంటూనే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ‘హెల్స్ హింజెస్’లో సిల్క్ మిల్లర్‌ను పరిచయం చేసే అక్షర ఫలకం, మెక్సికన్ల జిత్తులమారితనాన్నీ తాచుపాము ద్రోహాన్నీ కలిపి అతణ్ణి వర్ణిస్తుంది. ఒక జాతి మొత్తాన్ని విలనీకి కొలమానంగా వాడుకోవడం ఆనాటి ప్రేక్షకులకు తప్పుగా తోచలేదు. ఈనాడు ఆ ఫలకం వచ్చినప్పుడు మనసు చివుక్కుమంటుంది. స్త్రీల సంగతీ అంతే. ఒక పక్క ఫెయిత్, ఇంకో పక్క డాలీ, మధ్యలో మామూలు ఆడమనిషికి చోటు లేదు. ఫోర్డ్ తీసిన జోన్ ఈ విషయంలో కొంత నయం.

టామ్ మిక్స్ గురించి ఎక్కువ చెప్పను. 1917లో ఫాక్స్ కంపెనీలో చేరి, 1920లలో హార్ట్‌ను వెనక్కి నెట్టేసినవాడు మిక్స్. మెరిసే దుస్తులు, టోనీ అనే తెలివైన గుర్రం, కొండల మీద సాహసాలు. చూడటానికి హుషారుగా ఉంటాయి. అయితే అతడు ఊళ్లోకి ఎలా వచ్చాడో అలాగే బయటికి వెళ్తాడు, లోపల గీత కూడా పడదు. ఊరిని బాగుచేసి వెళ్లిపోయే కొత్తవాడి అచ్చుకు అసలు పునాది ఇక్కడే పడిందని నా అనుమానం. కథానాయకుడికి మారాల్సిన అవసరం పోయాక, మారాల్సిన బాధ్యత ఊరి మీద పడింది. హార్ట్ మాత్రం పట్టు వదల్లేదు. 1925లో తన చివరి సినిమా ‘టంబుల్‌వీడ్స్’ తీసి తప్పుకున్నాడు. 1939లో దాన్ని మళ్లీ విడుదల చేసినప్పుడు ముందు భాగంలో హార్ట్ స్వయంగా తెర మీదికి వచ్చి మాట్లాడాడు. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఆ రంగస్థల కంఠం వింటే, ఇంతకాలం ఆ ముఖం వెనక ఎలాంటి గొంతు దాగి ఉందో తెలిసి ఆశ్చర్యం కలుగుతుంది.

మనకు మిగిలినవి చాలా తక్కువ. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1912–1929 మధ్య అక్కడ తయారైన సుమారు 10,900 మూకీ కథాచిత్రాల్లో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమే. నైట్రేట్ ఫిల్ము తనంతట తానే పాడైంది, నిప్పంటుకుంది. అది చాలదన్నట్టు యూనివర్సల్ కంపెనీ 1948లో తన దగ్గరున్న మూకీ చిత్రాలను తానే నాశనం చేసింది. ‘స్ట్రెయిట్ షూటింగ్’, ‘హెల్ బెంట్’ రెండూ ఈనాడు చూడగలుగుతున్నామంటే ప్రాగ్‌లోని చెక్ ఫిల్ము భాండాగారంలో ప్రతులు దొరకడమే కారణం. కాబట్టి పైన నేను చెప్పినవన్నీ మిగిలిన కొద్దిపాటి సినిమాలను బట్టి చెప్పినవేనని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

చూడాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ‘స్ట్రెయిట్ షూటింగ్’తో మొదలుపెట్టడం మేలు, హార్ట్ భక్తికి అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది, కెరీకి ఆ ఇబ్బంది లేదు. ‘హెల్స్ హింజెస్’ను మాత్రం ఇంటర్నెట్‌లో దొరికిన మొదటి ప్రతిలో చూడకండి. చాలా ప్రతులు వేగం తప్పి పరిగెడతాయి, ముఖాలు సున్నం కొట్టినట్టు ఉంటాయి. హార్ట్ నటన మొత్తం నిదానం మీదా కళ్ల మీదా నడుస్తుంది గనక వేగం పెరిగితే అతడు నటుడిగా మిగలడు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం భద్రపరచిన ప్రతి నుంచి వచ్చిన డిస్కు దొరికితే అదే చూడండి. దానికి ముందు ‘డ్రా ఈగన్’ చూసి ఉంటే, హార్ట్ నవ్వగలడన్న సంగతి తెలిసి, ఊరు తగలబెట్టేటప్పటి ముఖం మరింత బాగా అర్థమవుతుంది.